లెక్క తీసుకున్నవారు లెక్క చెప్పాలి

2024 నవంబరులో తెలంగాణలో ప్రతి ఇంటి తలుపుకూ ఒక స్టిక్కర్ పడింది. ఆ వెనకే ఇంటింటి కుల సర్వే ఎన్యూమరేటర్లు వచ్చారు. వారిలో చాలామంది ప్రాథమిక పాఠశాలల టీచర్లు. పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి సర్వే. డెబ్బైకి పైగా వివరాలు నింపాల్సిన ఫారం ఒళ్లో పెట్టుకుని, అరుగు మీద కూర్చుని అడిగారు: కులమేది, ఉపకులమేది, ఎంతవరకు చదివారు, ఏం పని చేస్తారు, ఏడాదికి ఎంత వస్తుంది, భూమి ఎంత, అప్పు ఎవరి దగ్గర తెచ్చారు, ఎందుకు తెచ్చారు? పక్కింటివాళ్లకు కూడా చెప్పుకోని సంగతులివి. కొందరు గొణుక్కున్నారు, కొన్నిచోట్ల వాదనలూ జరిగాయి. అయినా కోటీ 12 లక్షల కుటుంబాలు, 3.54 కోట్ల మంది వివరాలు ఇచ్చారు.

అలా ఇచ్చిన జనానికి తిరిగి ఏం రావాలి? పేర్లు, చిరునామాలు తీసేసిన ఆ డేటా ఒక గడువులోగా ప్రతి పరిశోధకుడికీ అందాలి. దాని నుంచి తేలిన విషయాలు తెలుగులో ఊరూరికీ చేరాలి. ఏ పార్టీ గద్దెమీద ఉన్నా ఇది జరిగి తీరేలా చట్టం రావాలి. ఈ పత్రిక వైఖరి ఇదే. ఇందులో బేరాలకు తావు లేదు.

2025 ఫిబ్రవరి 4న శాసనసభ ముందుకు వచ్చినవి మొత్తాలు మాత్రమే. ముస్లింలు కాని బీసీలు 46.25 శాతం, ముస్లిం బీసీలు 10.08, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45 శాతం. సభ ముగియకముందే గొడవ మొదలైంది. 2014 సమగ్ర కుటుంబ సర్వేలో 51 శాతమన్న బీసీలు 46కు ఎలా పడిపోయారని బీసీ సంఘాలు నిలదీశాయి. ముస్లిం బీసీలను కలుపుకుంటే 56 దాటుతుంది, తగ్గడం కాదు పెరిగారని ప్రభుత్వం బదులిచ్చింది. ఎవరిది నిజం? పాత సర్వేలో ఏ కులాన్ని ఏ గంపలో వేశారో, కొత్తదాంట్లో ఎలా వేశారో, లెక్కకు రాని ఇళ్లు ఏ వాడల్లో ఎక్కువో చూస్తే తప్ప తేలదు. అది తేల్చాల్సింది టీవీ చర్చలో గొంతు పెంచినవారు కాదు. గణాంకాలు తెలిసినవారు డేటా ముందేసుకుని తేల్చాలి.

సర్వే ఫలితాల అధ్యయనానికి ప్రభుత్వం జస్టిస్ సుదర్శన్‌రెడ్డి నేతృత్వంలో నిపుణుల బృందాన్ని వేసింది. థామస్ పికెట్టీ, జీన్ డ్రెజ్ వంటి ఆర్థికవేత్తల పేర్లు కూడా అందులో వినిపించాయి. మంచి పనే. కానీ ప్యారిస్ ప్రొఫెసర్ ముందు పెట్టదగిన డేటాను కాకతీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థి ముందు ఎందుకు పెట్టకూడదు? తన జిల్లాలో రజకుల పిల్లలు పదో తరగతి దగ్గర ఎందుకు ఆగిపోతున్నారో ఆ విద్యార్థికి తెలిసినంతగా పికెట్టీకి తెలియదు. ప్రభుత్వం ఏరుకున్న నిపుణులు ఎంత గొప్పవారైనా, వారి లెక్కను ఇంకొకరు మళ్లీ వేసి సరిచూసే వీలున్నప్పుడే దాన్ని పరిశోధన అంటారు. ఆ వీలు లేకపోతే అది ప్రభుత్వ ప్రకటనే, కాకపోతే కాస్త మందపాటి కాగితం మీద అచ్చయిన ప్రకటన.

లెక్కను దాచే ఈ జబ్బు ఒక్క తెలంగాణది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జనవరిలో కులగణన మొదలైంది. వలంటీర్లు, సచివాలయ సిబ్బంది ఇల్లిల్లూ తిరిగారు. కొన్ని నెలలకే ప్రభుత్వం మారింది, ఆ లెక్కల ఊసే లేకుండా పోయింది. కర్ణాటకలో కాంతరాజ్ కమిషన్ 2015లో చేసిన సర్వే తొమ్మిదేళ్ల దాకా నివేదికై ప్రభుత్వం చేతికి చేరలేదు. ఆ తర్వాత ఏడాదికే మళ్లీ కొత్త సర్వే అన్నారు. కేంద్రం 2011లో సామాజిక, ఆర్థిక, కుల గణన చేసింది. గ్రామీణ ఆర్థిక వివరాలు 2015లో బయటికి వచ్చాయి కానీ కులం లెక్క రాలేదు. జనం 46 లక్షలకు పైగా కులం పేర్లు చెప్పారు, వాటిని సర్దలేమని 2021లో సుప్రీంకోర్టుకు చెప్పి కేంద్రం చేతులు దులుపుకుంది. 1931 జనగణనలో తేలిన కులాలు 4,147. ఇంటిపేర్లు, గోత్రాలు, ఒకే కులానికి పది రకాల వర్ణక్రమాలు కలిసిపోయి 46 లక్షలైతే, వాటిని సర్దే పని విశ్వవిద్యాలయాలకు అప్పగించాల్సింది. బీరువాలో పెట్టి తాళం వేస్తే అవి వాటంతటవే సర్దుకోవు.

దీనికి భిన్నంగా బిహార్‌ను చూడండి. 2023 గాంధీ జయంతి నాడు కులాల లెక్క బయటపెట్టింది. మరునెలలోనే ఆదాయాల లెక్కా పెట్టింది. 34 శాతం కుటుంబాలు నెలకు ఆరు వేల రూపాయలు లేదా అంతకంటే తక్కువతో బతుకుతున్నాయని తేలింది. ఏ ప్రభుత్వానికైనా ఇది చెప్పుకోదగ్గ గొప్ప కాదు. అయినా చెప్పింది, కొంపేమీ మునగలేదు.

నచ్చని లెక్కను తొక్కిపెట్టడంలో అసలు గురువు ఢిల్లీయే. 2017-18 వినియోగ వ్యయ సర్వేను నాణ్యత లేదంటూ 2019 నవంబరులో పక్కన పడేశారు. పల్లెల్లో ఖర్చు తగ్గిందన్న సంగతి పత్రికకెక్కిన తర్వాతే ఆ నాణ్యత గుర్తుకు వచ్చింది. అదే ఏడాది జనవరిలో, నిరుద్యోగం 6.1 శాతమన్న నివేదికను ఆపేశారని జాతీయ గణాంక కమిషన్ నుంచి పి.సి. మోహనన్, జె.వి. మీనాక్షి రాజీనామా చేశారు. ఎన్నికలు అయ్యాక ఆ నివేదిక అదే అంకెతో విడుదలైంది. 2021లో జరగాల్సిన జనగణన సంగతి వేరే చెప్పాలా? ఆహార భద్రత చట్టం కింద రేషన్ ఇప్పటికీ 2011 జనాభా ప్రకారమే. దానివల్ల పది కోట్ల మందికి పైగా బయటే ఉండిపోయారని 2020లో డ్రెజ్, రీతికా ఖేరా లెక్క వేశారు. ఒక లెక్క తీయకపోతే ఎవరి కంచంలో మెతుకులు తగ్గుతాయో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

డేటా బయటపెడితే ఎవరి బతుకు గుట్టు వారిది కాకుండా పోదా అని అడగవచ్చు. నిజమైన ప్రశ్నే, తేలిగ్గా తీసిపారేయలేం. ఊళ్లో ఒకే ఒక్క ఇల్లున్న కులం ఉంటుంది. పేరు తీసేసినా ఊరి పేరు, కులం పేరు పక్కపక్కన ఉంటే ఆ ఇల్లేదో చెప్పడానికి క్షణం పట్టదు. అందుకే ఊరి స్థాయి డేటాను నేరుగా ఇవ్వకూడదు. మండలం లేదా జిల్లా దగ్గర ఆపాలి, మరీ చిన్న సంఖ్యలను కలిపి చూపాలి. ఇంకా లోతు కావాలన్నవారికి కాపీ తీసుకునే వీలులేని గదిలో కూర్చుని పని చేసుకునే ఏర్పాటు ఉండాలి. ఇవేవీ కొత్త కిటుకులు కావు. జాతీయ నమూనా సర్వేల్లో ఒక్కో కుటుంబం వివరాలు పేర్లు లేకుండా కేంద్ర గణాంక శాఖ ఉచితంగానే ఇస్తోంది. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టమే పరిశోధనకు, గణాంకాలకు షరతులతో మినహాయింపు ఇచ్చింది. వీటన్నిటికంటే ముఖ్యమైనది మరొకటుంది. తాళం వేసినంత మాత్రాన డేటా గుట్టుగా ఉన్నట్టు కాదు. తాళంచెవి అధికార పార్టీ దగ్గరుంటుంది. ఏ వాడలో ఏ కులం, ఏ ఇంటికి ఎంత అప్పు అన్నది ఎన్నికల వేళ ఒక్క పార్టీకే తెలియడం కంటే, పేర్లు తీసేసిన లెక్క అందరికీ తెలియడమే జనానికి క్షేమం.

మన పల్లెల మీద మంచి పరిశోధన జరగలేదనీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు స్మార్ట్‌కార్డు ద్వారా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ ఎనిమిది జిల్లాల్లో పెద్ద అధ్యయనం చేశారు. ఏ మండలంలో ముందు, ఏ మండలంలో తర్వాత అన్నది లాటరీతో తేల్చి, రెండింటినీ పోల్చారు. కూలి డబ్బు త్వరగా చేతికందిందనీ, మధ్యలో మాయమయ్యేది గణనీయంగా తగ్గిందనీ తేలింది. 2016లో అది అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో వచ్చింది. వ్యాసంతో పాటు డేటానూ బయటపెట్టాలన్నది ఆ పత్రిక నిబంధన. అంటే మన కూలీలు ఇచ్చిన జవాబులు, పేర్లు లేకుండా, అమెరికా పత్రిక ద్వారా ప్రపంచమంతటికీ అందుతాయి. అదే ఊళ్లలో మన ప్రభుత్వం మన డబ్బుతో చేసిన సర్వే మాత్రం మనకు అందదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వివరాలను కూడా మన పరిశోధకులు ఎక్కువగా అమెరికా నిధులతో నడిచే వెబ్‌సైట్ నుంచే తెచ్చుకునేవారు. 2025 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వం ఆ నిధులను ఆపేసేసరికి ఇక్కడివారు దిక్కులు చూడాల్సి వచ్చింది. అయితే ఆ స్మార్ట్‌కార్డు ఫలితాలు కూడా జవాబులిచ్చిన ఊళ్లకు తెలుగులో చేరిన దాఖలా కనిపించదు. ఈ తప్పు ప్రభుత్వాలదే కాదు, పరిశోధకులది కూడా.

తెలుగులో చెబితే ఎవరికి అర్థమవుతుందని పెదవి విరిచేవారు ఉపాధి హామీ సామాజిక తనిఖీని గుర్తు చేసుకోవాలి. దేశంలో దాన్ని పద్ధతి ప్రకారం నిలబెట్టింది మన ఉమ్మడి రాష్ట్రమే. మస్టర్ రోలు పట్టుకుని ఇంటికి వెళ్లి, ‘అమ్మా, నువ్వు ఇన్ని రోజులు పని చేశావని, ఇంత కూలి తీసుకున్నావని ఇక్కడ రాసి ఉంది, నిజమేనా?’ అని అడిగేవారు. ఆ తర్వాత మండలంలో ప్రజావేదిక. అధికారుల ఎదుటే ఆ లెక్క చదివితే, చనిపోయినవాళ్లు కూడా పనికి వచ్చినట్టు రాసిన పేర్లు అక్కడికక్కడే బయటపడేవి. రికవరీలు అంతంత మాత్రమేనన్న విమర్శలో నిజముంది. కానీ చదువురాని కూలీ కూడా ప్రభుత్వ రికార్డును తప్పు పట్టగలదని ఆ వేదికలు రుజువు చేశాయి. కుటుంబ సర్వే ఫలితాలకు ఈ పాటి చోటు కూడా ఇవ్వరా?

రిజర్వేషన్ల మీద కోర్టులు అడుగుతున్నదీ ఇదే. స్థానిక సంస్థల్లో బీసీ కోటా పెట్టాలంటే తాజాగా, పకడ్బందీగా వెనుకబాటును అధ్యయనం చేయాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది, 2021లో మళ్లీ చెప్పింది. స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం కోటా ఇస్తూ తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన జీవోను 2025 అక్టోబరులో హైకోర్టు నిలిపివేసింది. అక్కడ అడ్డు పడింది ప్రధానంగా మొత్తం రిజర్వేషన్ల మీద ఉన్న 50 శాతం పరిమితే. కానీ ఆ పరిమితి దాటాలని వాదించేవారికి అంకె తప్ప ఆయుధం లేదు. పదిమంది స్వతంత్రంగా సరిచూసిన అంకెకు ఉండే బలం, సర్కారు తానే రాసి తానే ముద్ర వేసుకున్న అంకెకు ఉండదు. బీసీల పక్షాన నిలబడ్డామంటున్నవారు ముందుగా చేయాల్సింది బీసీల డేటాను తెరవడమే.

2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా దేశంలో జనగణన జరుగుతోంది, ఈసారి కులం లెక్కతో. ఆ పట్టికలు ఎప్పుడు, ఏ స్థాయి వరకు విడుదల చేస్తారో కేంద్రం తేదీలతో సహా చెప్పాలి. మన రెండు రాష్ట్రాలు అందాకా ఆగాల్సిన అవసరమే లేదు. తమ చేతిలో ఉన్న సర్వేలు తమవే. అసెంబ్లీలో ఒక చిన్న బిల్లు చాలు. సర్వే పూర్తయిన ఏడాదిలోగా పేర్లు లేని డేటా విడుదల కావాలి. ఆపాలంటే కారణం సభకు రాతపూర్వకంగా చెప్పాలి. జిల్లాల వారీ ఫలితాలు తెలుగులో, ఉర్దూలో గ్రామసభ ముందు పెట్టాలి. ఇకమీదట ఏ సర్వేకైనా ఫారం అచ్చు వేసేటప్పుడు ఫలితాలు ఏ తేదీకి వస్తాయో పైనే వేయాలి. అరుగు మీద కూర్చున్న టీచరు మొదటి ప్రశ్న అడిగే ముందు ఆ తేదీ చదివి వినిపించాలి.