పొరుగు ఛెనా, దూరపు పనీర్

తెలుగింట పాలంటే పెరుగు, మజ్జిగ, నెయ్యి. ఆవో గేదో ఈనిన కొత్తలో జున్ను. పాలు విరగ్గొట్టి కూర వండటం మన అలవాటు కాదు. ఇచ్ఛాపురం దాటగానే ఒడిశాలో, పాలు విరగ్గొట్టి తీసే ఛెనా మిఠాయిలకు పెద్దపీట. అక్కడి రసగోలాకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అయినా పొరుగింటి ఛెనా విశాఖలో మిఠాయి దుకాణం దగ్గరే ఆగిపోయింది. ఎక్కడో ఉత్తరాది పనీర్ మాత్రం పెళ్లి విందుల్లోకీ, వంటింట్లోకీ వచ్చేసింది.

నౌకాదళం, ఉక్కు కర్మాగారం కొలువుల కోసం విశాఖకు వచ్చిన ఉత్తరాదివారే కారణమని ఒక వాదన. కొంత నిజమే. కానీ వలసే చాలితే, 1933లో రేవు తెరిచిన ఈ పట్నంలో పొరుగువారి ఛెనా కూరే ముందు స్థిరపడాలి. అసలు తేడా నిల్వలో ఉంది. ఛెనా తాజాగా వాడాల్సిన సరుకు; నీరు పిండి, నొక్కి గడ్డకట్టించిన పనీర్ ఫ్రిజ్‌లో మరికొన్నాళ్లు ఆగుతుంది. 1970–96 నాటి క్షీర విప్లవం పాల సేకరణను పెంచింది. డెయిరీల ప్యాకెట్లు, హోటళ్ల మెనూలు మిగతా పని చేశాయి. దీంతో మన రుచి పోయిందనీ అనలేం. పెరుగన్నం చోటు చెక్కుచెదరలేదు. పోయేది నాణ్యతే కావచ్చు. పామాయిల్ కలిపిన నకళ్లు పనీర్ కావు. కొనేముందు ప్యాకెట్ మీది అక్షరాలు చదవండి.