పూవు ఆరిన పిదపనే రెజిన్

వివాహవేదికపై వధూవరులు మార్చుకొనిన దండలలోని గులాబీలను, చేమంతులను ఎపాక్సీ రెజిన్‌లో పొదిగి ఇంట నిలుపుకొనవలెనను కోరిక నేడు మన పట్టణములలో ప్రబలుచున్నది. స్మృతిని గౌరవించు ఈ కళ అభినందనీయమే. అయితే ఆతురతతో తడియారని పూవును రెజిన్‌లో ముంచినచో, రేకులలో మిగిలిన తేమ వలన అది వన్నె తరిగి, బుడగలతో మసకబారును.

పలుచని పూవులను కాగితముల నడుమ బరువుంచి అదిమి, దళసరి గులాబీలను మూతగల డబ్బాలో సిలికా జెల్ రేణువులతో పూర్తిగా కప్పి, అవి పూర్తిగా ఆరువరకు ఓపిక పట్టుటయే సరియైన మార్గము. ద్రవరూప రెజిన్ చర్మమునకు హానికరము గనుక చేతితొడుగులు తప్పనిసరి.

గట్టిపడిన ఎపాక్సీ మరల కరగదు, మట్టిలో కలియదు. కావున దండలోని నాలుగు పూవులనే దాచుకొని, తక్కినవానిని ఎరువుగా నేలకు సమర్పించుట మన ధర్మము.