‘టేక్’ అంటే తీసుకోవడమేనా?

‘టేక్’ అనే క్రియకు అర్థమడిగితే మూడో తరగతి విద్యార్థి సైతం ‘తీసుకొను’ అని తడుముకోకుండా చెబుతాడు. జవాబు తప్పు కాదు. అయితే ఆ ఒక్క అర్థాన్నే నమ్ముకున్నవారికి ఆంగ్లంలో అడుగడుగునా చిక్కులే.

పరీక్షల సంగతే చూడండి. తెలుగులో పరీక్ష ‘రాస్తాం’. ఇంట్లో ఉర్దూ మాట్లాడేటప్పుడు ‘ఇమ్తెహాన్ దేనా’ అంటాం, అంటే పరీక్ష ‘ఇవ్వడం’. ఆంగ్లేయుడు పరీక్షను ‘టేక్’ చేస్తాడు. పని ఒక్కటే, క్రియలు మూడు! కనుకనే మన పిల్లలు ‘ఐ గేవ్ ది ఎగ్జామ్’ అంటూ ఉంటారు. మన దేశంలో ఆ మాట చెల్లుతుంది. కాని అమెరికాలో పరీక్షను ‘గివ్’ చేసేది ఉపాధ్యాయుడు, ‘టేక్’ చేసేది విద్యార్థి. అక్కడి ఇంటర్వ్యూలో ఈ మాట అన్న యువకుణ్ణి అవతలివారు పరీక్ష పెట్టినవాడిగా భావించే ప్రమాదముంది. ఉర్దూలోనేమో ‘ఇమ్తెహాన్ లేనా’ అంటే పరీక్ష పెట్టడం. ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ రెండు భాషలలో సరిగ్గా తారుమారయ్యారన్నమాట.

మందుల విషయంలోనూ ఇంతే. ఉర్దూలో మందు ‘తింటాం’, తెలుగులో ‘వేసుకుంటాం’. ఆంగ్లంలో మాత్రకైనా సిరప్‌కైనా ‘టేక్’ చాలు; డాక్టరు దగ్గర ‘ఈట్’ అనవద్దు. ఫొటో తీయడం, బస్సులో వెళ్లడం, సమయం పట్టడం కూడా ‘టేక్’ కిందికే వస్తాయి.

దీని పక్కన చిన్న పదం చేరితే అర్థం మరింత మారిపోతుంది. ‘టేక్ ఆఫ్’ అంటే విమానం నేల విడిచి లేవడం. గుమ్మం ముందు చెప్పులు విడవడం కూడా అదే. ‘ఈ పిల్లది అచ్చం నానమ్మ పోలిక’ అనాలంటే ‘షీ టేక్స్ ఆఫ్టర్ హర్ గ్రాండ్‌మదర్’ అనాలి. ఇది కుటుంబంలోని పెద్దల పోలికలకే తగిన మాట, స్నేహితుల మధ్య పోలికకు పనికిరాదు. అన్నిటికంటె జాగ్రత్త అవసరమైనది ‘టేక్ ఇన్’. నిలువ నీడ లేనివారికి ఇంట్లో ఆశ్రయమివ్వడం ‘టేక్ ఇన్’. దర్జీ వదులైన కమీజును బిగించి కుట్టడమూ అదే. ‘హీ వాజ్ టేకెన్ ఇన్’ అంటే మాత్రం అతనికి ఆశ్రయం దొరికిందో, అతను మోసపోయాడో ముందువెనుకల వాక్యాలు చూస్తేగాని తెలియదు.

ఇన్ని పనులు చేసే ఈ క్రియ నిజానికి ఆంగ్లేయుల సొంతం కాదు. వేయేళ్ల క్రితం స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడినవారి భాషలోని ‘టాకా’ దీనికి మూలం. అంతకుముందు ఆ అర్థంలో వాడిన ‘నిమన్’ క్రమంగా కనుమరుగైంది. దాని ఆనవాలు ‘నమ్’ అనే మాటలో మిగిలింది: కాలు తిమ్మిరెక్కినప్పుడు అంటామే, ఆ ‘నమ్’.