ఉత్తరువుతో పుట్టిన నేరము

ముంజేతికి బిగించుకొను పట్టీ యొకటి లక్షలకొలది గృహస్థులను ఒక్క ప్రకటనతో నేరస్థులను జేయగలదా? చేయగలదనియే అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మద్యము, పొగాకు, తుపాకులు, ప్రేలుడు పదార్థముల శాఖవారు 2023 జనవరిలో లోకమునకు చాటిరి. తుపాకి లేని ఊరే మంచి ఊరని నమ్మువారిలో మేమును చేరినవారమే. లైసెన్సు లేక ఆయుధము నుంచుకొనుట నేరముగా నున్న మన దేశమున ఈ చర్చ వింతగా తోపవచ్చును గూడ. అయినను వృత్తిచే న్యాయవాదుల మగుటచే మాకు వేఱొక ప్రశ్న కనబడుచున్నది. నేరమును సృజించు అధికార మెవ్వరిది? ప్రజలెన్నుకొన్న శాసనసభదా, బల్ల వెనుక కూర్చుండి పాత మాటకు క్రొత్త అర్థము చెప్పు ఉద్యోగిదా? ఈ ప్రశ్నకు దేశభేదము లేదు.

వస్తువు నెఱుగని పాఠకులకు కొంత చెప్పవలసియున్నది. పిస్తోలు ఒంటిచేత కాల్చుటకు చేసినది. రైఫిలు భుజమున కానించి కాల్చుటకు చేసినది. రైఫిలు పోలికతోనే, పొట్టి గొట్టముతో చేసిన పెద్ద పిస్తోళ్లు కొన్ని కలవు. అవి బరువైనవి, ఒంటిచేత నిలువవు. వానిని నిలుపుటకై వెనుక కొసన ఒక తొడుగు నమర్చి, పట్టీతో ముంజేతికి బిగించు సాధనమును కల్పించిరి. దానిని అచ్చట బ్రేసు అందురు. మనము ఊతకట్టు అందము. మొదట నిది అంగవైకల్యము గల మాజీ సైనికుని సౌకర్యార్థము పుట్టినది. 2012లో నమూనాను పరీక్షించిన శాఖవారు, దీనిని తగిలించినంత మాత్రమున పిస్తోలు రైఫిలు కాదని లిఖితపూర్వకముగా సెలవిచ్చిరి. ఆ మాట నమ్మి వర్తకులు చేసిరి, జనులు కొనిరి.

పిమ్మట శాఖవారి నాలుక మెలికలు చూడుడు. ఊతకట్టును భుజమున కానించి కాల్చినను ఆయుధము జాతి మారదని 2014లో నొక యుత్తరము. ఆనించినచో మారునని 2015 జనవరిలో బహిరంగ లేఖ. అప్పుడప్పుడు ఆనించినంత మాత్రమున మారదని 2017లో మఱియొక లేఖ. 2020 డిసెంబరులో క్రొత్త ప్రమాణముల చిత్తుప్రతిని ప్రకటించి, కొలది దినములలోనే దానిని వెనుకకు దీసికొనిరి. 2021 జూనులో మార్కుల పట్టిక యొకటి వెలువరించిరి: ఇన్ని మార్కులు దాటినచో రైఫిలు, దాటకున్న పిస్తోలు! దానిపై రెండు లక్షలకు మించిన అభిప్రాయములు వచ్చినవి. తుదకు 2023 జనవరి 31న గెజిటులో ప్రకటించిన నిబంధనలో ఆ పట్టికయే లేదు. దాని స్థానమున బరువు, పొడవు, చూపుకమ్మి, వెనుక తొడుగు వైశాల్యము మొదలగు లక్షణముల జాబితా యొకటి వచ్చెను. అంతటితో నాగిరా? తయారీదారు పత్రికలలో వేయించిన ప్రకటన లెట్టివి, సామాన్య జనులు అట్టి ఆయుధమును ఎట్లు వాడుచున్నారు అనునవి గూడ ఆ జాబితాలో చేర్చిరి. అనగా ఒకడు తన యింట పెట్టెలో నుంచుకొన్న వస్తువు నేరమగునో కాదో, ఊరూపేరూ తెలియని పరులు తమ వస్తువులతో నేమి చేయుచున్నారో దానిని బట్టి తేలునట! మా వృత్తిలో నిట్టి ప్రమాణము నెచ్చటను వినియుండలేదు.

ఇంతకును పొట్టి రైఫిలు ఎందులకు నేరము? దీని మూలము 1934 నాటి జాతీయ ఆయుధ శాసనములో నున్నది. మద్యనిషేధ కాలపు ముఠాల కాల్పులు దేశమును కలచివేసిన దినములవి. శాసనపు చిత్తుప్రతిలో మరతుపాకులతో పాటు పిస్తోళ్లు, రివాల్వరులు గూడ నుండినవి. పిస్తోలును నిషేధింపలేక, పన్ను విధించి, రిజిస్టరు చేయింపదలచిరి. అట్లు చేసినచో గడుసువాడు పెద్ద రైఫిలు గొట్టమును కోసి పిస్తోలుగా వాడుకొనును గదా యని, గొట్టము కురుచైన రైఫిలును గూడ జాబితాలో జేర్చిరి. తరువాత వాదోపవాదములలో పిస్తోళ్లను, రివాల్వరులను జాబితానుండి తొలగించిరి. వానికి కావలి కాయుటకు చేర్చిన పొట్టి రైఫిలు మాత్రము నిలిచిపోయెను. ఇల్లు కూలిపోయిన పిదప ప్రహరీగోడకు పహరా కాచినట్లున్నది! నేటికిని ఆ దేశమున 6 అంగుళముల పిస్తోలు నిరాటంకముగా కొనవచ్చును, 16 అంగుళముల రైఫిలును కొనవచ్చును. భుజమున కానించు 15 అంగుళముల రైఫిలును రిజిస్టరు లేక యుంచుకొన్నచో పదేండ్ల వఱకు చెఱసాల, రెండున్నర లక్షల డాలర్ల వఱకు జుల్మానా. ఈ 16 అంగుళముల లెక్కయైనను మొదటినుండి యున్నది కాదు. 1960కి పూర్వము రైఫిలునకు గూడ 18 అంగుళములే. రెండంగుళములు సవరించుటకు సైతము నాడు శాసనసభ కూర్చుండవలసివచ్చెను. 2023లో లక్షలకొలది ఆయుధములను ఒక జాతినుండి మఱియొక జాతికి మార్చుటకు శాఖవారి కలము చాలినది.

ఇక రిజిస్టరు మాట. 2023 మే 31 లోపల దరఖాస్తు పెట్టుకొన్నవారికి 200 డాలర్ల పన్ను మన్నింతుమని శాఖవారు ఉదారముగా ప్రకటించిరి. లేనిచో ఊతకట్టును తీసి పాడుచేయుము, పదునాఱంగుళముల గొట్టము బిగించుము, ఆయుధమును మాకప్పగింపుము, లేదా నాశనము చేయుము అనిరి. ఆ దరఖాస్తు ఫార మెట్టిదో చూడుడు. శాసనము ప్రకార మది ఆయుధమును 'చేయుటకు' ముందుగా అనుమతి కోరు ఫారము. అనుమతి రాకమునుపే చేసినచో నది నేరము. ఏండ్ల క్రిందటనే అంగడిలో కొని యింట నుంచుకొన్న వస్తువును, ఇకముందు చేయబోవుచున్నాను అనుమతింపుడని, ఛాయాచిత్రముతోను, వ్రేలిముద్రలతోను, అబద్ధమాడినచో శిక్షకు లోబడుదునను సంతకముతోను వ్రాసి యీయవలెను! ఒక వకీలు తన కక్షిదారునిచే నిట్టి కాగితముపై సంతకము చేయించునా? అమెరికాలో వేలమంది వకీళ్లు ఆ వేసవిలో ఈ ప్రశ్నతో తలలు పట్టుకొనియుందురు.

ఈ రోగము ఆ దేశమునకు క్రొత్తది గాదు. 1968లో హేన్సు వ్యాజ్యమున వారి సుప్రీముకోర్టు, రిజిస్టరు కాని ఆయుధము గలవానిని రిజిస్టరు చేయుమనుట తన నేరమును తానే ఒప్పుకొమ్మని బలవంతపెట్టుటయే యగుననియు, అది రాజ్యాంగపు అయిదవ సవరణకు విరుద్ధమనియు తీర్పు చెప్పెను. మన రాజ్యాంగములోని 20వ అధికరణము గూడ తనకు వ్యతిరేకముగా సాక్ష్యమీయుమని ఎవ్వనిని నిర్బంధింపరాదను చున్నది. ఆ తీర్పు పిమ్మట కాంగ్రెసు అదే సంవత్సరము శాసనమును సవరించి, దరఖాస్తులో చెప్పిన సంగతిని పూర్వపు నేరమునకు సాక్ష్యముగా వాడరాదని నియమించినది. ఆ రక్షణ యున్నదని న్యాయముగా ఒప్పుకొందము. కాని రక్షణ అవసరమైనదనుటయే, నిన్నటి దినమున శాఖవారి యుత్తరమును నమ్మి కొన్నవాడు నేడు నేరస్థుని స్థానమున నిలువబడినాడనుటకు సాక్ష్యము గాదా?

రిజిస్టరు చేసినంతమాత్రమున కష్టములు తీరునా? పొట్టి రైఫిలుగా వ్రాయించుకొన్న ఆయుధమును టెక్సాసునుండి ప్రక్కనున్న ఓక్లహోమాకు తీసికొనిపోవలెనన్నను శాఖవారి ముందస్తు అనుమతి కావలెను. కాలిఫోర్నియా, న్యూజెర్సీ వంటి రాష్ట్రములలో పొట్టి రైఫిలే నిషిద్ధము. అచ్చటివాడు రిజిస్టరు చేయించుకొందునన్నను వీలులేదు. అందుచేత ఫలిత మేమైనది? ఊతకట్టు గల ఆయుధములు సుమారు 30 లక్షలని శాఖవారి అంచనా. కాంగ్రెసు పరిశోధక విభాగమువారు ఊతకట్టులు 1 కోటి మొదలు 4 కోట్ల వఱకు నుండవచ్చుననిరి. గడువు నాటికి వచ్చిన దరఖాస్తులు రెండున్నర లక్షలకు కొంచెము పైన. శాఖవారి లెక్కనే గైకొన్నను పదింట తొమ్మిదిపాళ్లు రాలేదు. ఇన్ని లక్షలమందిని నేరస్థులనుటకంటె ఆ నిబంధనలోనే లోపమున్నదనుట సబబుగా నుండును.

ప్రతిపక్షమువారి వాదమును మేము దాచము. 2019 ఆగస్టులో ఒహాయో రాష్ట్రమున డేటను పట్టణమున తొమ్మిదిమందిని, 2021 మార్చిలో కొలరాడో రాష్ట్రమున బౌల్డరు పట్టణపు అంగడిలో పదిమందిని పొట్టనబెట్టుకొన్న ఆయుధములకు ఊతకట్టులుండినవి. బౌల్డరు ఘోరము జరిగిన కొలది దినములకే అధ్యక్షుడు బైడెను ఈ నిబంధన చేయింతునని ప్రకటించెను. ఆ మృతుల బంధువుల దుఃఖము ముందు సాంకేతిక వాదము చేయుటకు ఎవ్వరికైనను నోరు రాదు. ఊతకట్టు పేర భుజపు కట్ట నమ్ముకొని లాభము గడించిన వర్తకులును ఉన్నారు. వారి అమాయకత్వమును మేము నమ్మము. కాని బౌల్డరునకు విరుగుడు కావలెనన్నచో దానిని అడుగవలసిన చోటు కాంగ్రెసు. అచ్చట వోట్లు దొరకవని యెఱిగి, దొడ్డిదారిని శాఖచేత నిబంధన వ్రాయించుట బాధితులకును న్యాయము కాదు. ఏలయన అట్టి నిబంధన కోర్టులో నిలువదు. నిలువలేదు గూడ.

2023 ఆగస్టులో అయిదవ సర్క్యూటు అప్పీలు కోర్టు, ప్రజల ముందుంచిన చిత్తుప్రతి ఒకటి, తుదకు చేసిన నిబంధన మఱియొకటి యగుటచే నిది చెల్లదనిపించుచున్నదనెను. నవంబరులో టెక్సాసులోని ఫెడరలు జిల్లా న్యాయమూర్తి దేశమంతటను దాని అమలును నిలిపెను. 2024 జూను 13న మఱియొక న్యాయమూర్తి ఆ నిబంధనను పూర్తిగా కొట్టివేసెను. మఱునాడే సుప్రీముకోర్టు, బంపుస్టాకు అను మఱియొక సాధనమును మరతుపాకిగా పరిగణించిన ఇదే శాఖ నిబంధనను గూడ చెల్లదనెను. ఆగస్టులో ఎనిమిదవ సర్క్యూటువారు ఊతకట్టు నిబంధన నిర్హేతుకముగా నున్నదనిరి. 2025లో ప్రభుత్వము తన అప్పీలును వదలుకొనెను.

ఇంతటితో కథ ముగిసినదని సంతోషించువారు తొందరపడుచున్నారు. పోయినది నిబంధన మాత్రమే. 1934 శాసనము అట్లే యున్నది. ఊతకట్టు తగిలించిన ఏదేని ఒక ఆయుధము నిజముగా భుజమున కానించుటకే చేసినదని ప్రాసిక్యూటరు వాదింపదలచినచో, వాదించుటకు ఆ శాసనమే చాలును. 2025 జూలైలో కాంగ్రెసు చేసిన శాసనము 200 డాలర్ల పన్నును 2026 జనవరి 1 మొదలు పొట్టి రైఫిళ్లకు సున్న చేసెను. రిజిస్టరును మాత్రము ముట్టలేదు. 1937లో సుప్రీముకోర్టు ఈ శాసనమును నిలిపినది పన్ను విధించు అధికారముపైననే. పన్ను సున్న యైన పిదప పన్ను పుస్తకమునకు పనియేమి? ఈ ప్రశ్నతో 2025లోనే వ్యాజ్యములు దాఖలైనవి. వానిలో బలమున్నదని మా యభిప్రాయము.

డల్లాసు, హ్యూస్టను ప్రాంతములలో స్థిరపడిన మన తెలుగువారికి ఒక్క మాట. తాత్కాలిక వీసాపై నున్నవారికి వేటలైసెన్సు వంటి కొలది మినహాయింపులు తప్ప తుపాకి యుంచుకొనుటయే ఫెడరలు నేరము. గ్రీన్‌కార్డు గలవారు ఉంచుకొనవచ్చును. కాని ఆయుధ శాసనము క్రింద శిక్ష పడినచో జుల్మానాతో పోదు, దేశమునుండి వెడలగొట్టుటకు అదియే కారణమగును. అచ్చట పుట్టినవానికి వ్యాజ్యము; మనవానికి ఇల్లు, కొలువు, పిల్లల చదువు సమస్తము. ఎవరో నోటిమాటగా 'ఇప్పుడు పరవాలేదు' అన్నారని ఊతకట్టు కొనకుడు. కొని యున్నచో ఆయుధ శాసనము తెలిసిన వకీలును, వలస శాసనము తెలిసిన వకీలును ఇరువురను అడుగుడు.

శాఖవారిని మేమడుగునది స్వల్పము. చెల్లని నిబంధనకు భయపడి రెండున్నర లక్షలమంది వ్రాసియిచ్చిన ఛాయాచిత్రములు, వ్రేలిముద్రలు ఏ శాసనముపై నిలిపియుంచెదరో వ్రాతమూలకముగా చెప్పవలెను. కోరినవారి పేళ్లను పుస్తకమునుండి కొట్టివేయవలెను. కాంగ్రెసువారు పొట్టి రైఫిలును నేరముగా నుంచదలచినచో ఊతకట్టు అను మాటను శాసనములోనే వ్రాసి వోటు వేయవలెను, లేనిచో 1934 నాటి ఆ వాక్యమును తొలగింపవలెను.