దీపాలకు పేర్లెవరు రాయాలి?

నాటకం చూసేటప్పుడు మీరు రాజుగారి కిరీటం చూస్తారు, కత్తియుద్ధం చూస్తారు. రంగస్థలం పైన ఇనుప గొట్టాలకు వేలాడే దీపాల వంక ఎవరు చూస్తారు? ఓ మోస్తరు హాల్లో అవి డెబ్భై దాకా ఉండవచ్చు. వెనుక చీకట్లో ఒక మనిషి కూర్చుని వాటన్నింటినీ కంప్యూటరుతో నడిపిస్తూంటాడు.

పూర్వం మీటలను చేత్తో జరిపేవారు. 1975లో న్యూయార్కులో ‘ఎ కోరస్ లైన్’ అనే సంగీత నాటకానికి థారన్ మస్సర్ అనే దీపాల నిపుణురాలు, వెలుగుల వరసను గుర్తుంచుకునే కంప్యూటరు యంత్రాన్ని వాడారు. బ్రాడ్వే నాటకాల్లో అదే మొదలు. తర్వాత 1986లో డీఎంఎక్స్ 512 అనే ఉమ్మడి పద్ధతి వచ్చింది. ఒక తీగ మీద 512 సంఖ్యల దాకా వరసగా పోతాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు ఉండవచ్చు. మామూలు దీపానికైతే 0 అంటే చీకటి, 255 అంటే పూర్తి వెలుగు.

కంప్యూటరుకు నంబరు చాలు, మనిషికి చాలదు. ‘41’ అంటే ఏం గుర్తుంటుంది? ‘ఎడమ మెట్ల మీది నీలం’ అంటే చప్పున తెలుస్తుంది. అందుకే సాఫ్టువేరులో ప్రతి దీపానికీ ఒక పేరు రాస్తారు. అది తప్పితే నవ్వి ఊరుకునే సంగతి కాదు. నటుడు మెట్లు దిగుతూండగా వెలుగు ఇంకెక్కడో పడిందనుకోండి, అతని కాలు ఎక్కడ పడుతుంది?

ఈ పేర్లు టైపు చేసే పని తరచు జట్టులో అందరికన్నా చిన్నవాడి నెత్తిన పడుతుంది. చేత్తో చేస్తేనే పని ఒంటబడుతుందంటారు పెద్దలు. ఈ ఒక్క చోట వారి మాట నేను ఒప్పుకోను. లెక్క చూడండి. 72 దీపాలు, ఒక్కో పేరుకు 20 సెకన్లు, మొత్తం 24 నిమిషాలు. దర్శకుడు మూడుసార్లు మనసు మార్చుకుని పట్టికంతా తిరగరాయిస్తే మరో 72 నిమిషాలు. ఇంతా చేసి ఆ కుర్రవాడు నేర్చుకున్నది, అరవయ్యో పేరు దగ్గర నిద్ర ఆపుకోవడం!

పట్టిక ఎలాగూ కంప్యూటరులో ఉంటుంది గదా, దాన్నే వాడుకోవచ్చు. ఉదాహరణకు క్యూఎల్‌సీ ప్లస్ అనే ఉచిత సాఫ్టువేరు తన వివరాలను ఎక్స్ఎంఎల్ అనే పద్ధతిలో, మనం చదవగల అక్షరాల్లోనే దాస్తుంది. కాబట్టి పైథాన్ భాషలో ఒక చిన్న ప్రోగ్రాము చాలు. పట్టికలో ఒక వరస చదువు, ఆ నంబరు గల దీపాన్ని ఫైల్లో వెతుకు, పేరు రాయి, తర్వాతి వరసకు పో. అది చేసేది ఇంతే. చోట్లు మారితే పట్టిక దిద్ది మళ్లీ నడిపితే సరి. (ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు రంగులున్న ఎల్ఈడీ దీపానికి 4 నంబర్లు కావాలి. 1 నుంచి వరసగా ఇస్తూ పోతే 24వ దీపం ఏ నంబరు దగ్గర మొదలవుతుంది? 4 × 23 + 1 = 93.)

ఇందులో ఒక గోతి ఉంది. తెరమీద 41 అని కనిపించే నంబరు ఆ ఫైల్లో 40గా ఉంటుంది, ఎందుకంటే ఫైలు సున్న నుంచి లెక్కిస్తుంది. ఇది గమనించకపోతే దీపాల పేర్లన్నీ ఒక్కో చోటు పక్కకు జరుగుతాయి. చేత్తో రాసేవాడు ఒకటో రెండో తప్పుతాడు. ప్రోగ్రాము తప్పితే డెబ్భై రెండూ ఒక్క క్షణంలో తప్పుతాయి, అదీ ఎంతో శుభ్రంగా!

అందుకే మిగిలిన సమయంతో ఆ కుర్రవాణ్ణి రంగస్థలం మీదికి పంపమంటాను. ఒకరు కంప్యూటరు దగ్గర పేరు చదివి దీపం వెలిగించాలి. అతను చేతిలో పట్టికతో నిలబడి, వెలుగు సరైన చోట పడిందా లేదా చెప్పాలి. ఒక్కొక్కటిగా, డెబ్భై రెండూ. ఏ దీపం నీడ ఎటు పడుతుందో, ఏ రంగు ఎవరి ముఖాన్ని పాలిపోయినట్టు చూపిస్తుందో అక్కడే తెలుస్తుంది. ప్రోగ్రాము నడిపే ముందు మాత్రం పాత ఫైలుకు ఒక నకలు తీసి పక్కన పెట్టుకోండి.