నిష్పత్తి ఎక్కడినుండి వచ్చినది?

“ఈ సొమ్మును 2:3 నిష్పత్తిలో పంచుము” – మన లెక్కల పుస్తకాలలో పంపకమంటే ఇంతే. ఆ 2:3 ఎక్కడినుండి వచ్చినదో పుస్తకం చెప్పదు, పిల్లవాడు అడగడు. అసలు కష్టమంతా అక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

కృష్ణానదినే చూడండి. నూటికి 75 ఏండ్లు నమ్మదగిన నీరు 2060 టి.ఎం.సి.లని బచావత్ ట్రిబ్యునల్ లెక్కగట్టినది. 1976 నాటికి తేలిన వాటాలు: మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, నాటి ఆంధ్రప్రదేశ్‌కు 800. సమానంగా పంచితే తలా 686 పైచిలుకు. పరీవాహక విస్తీర్ణాన్నిబట్టి పంచితే సుమారుగా 552, 900, 607. మహారాష్ట్రకు పెద్ద తేడా లేదు. కర్ణాటకకు 200 తగ్గినవి, ఆంధ్రకు దాదాపు అంతే పెరిగినవి. కారణమేమి? అప్పటికే పారుతున్న ఆయకట్టును ఎండబెట్టరాదని ట్రిబ్యునల్ తలచినది. బెజవాడ ఆనకట్ట 1855లోనే పూర్తయినది కదా! “వాన మా నేలమీద కురిసినది” అని ఎగువ రైతు అంటాడు. “మా తాతలనాటి మాగాణి” అని దిగువ రైతు అంటాడు. ఇద్దరి మాటా కాదనలేము. భాగహారం మాత్రం ఇద్దరికీ తప్పు లేకుండా చేసి పెడుతుంది.

మన తమిళనాటి తెలుగువారికి దగ్గరి ఉదాహరణ తెలుగుగంగ. చెన్నపట్నపు దాహానికి ఆ మూడు రాష్ట్రాలే తలా 5 చొప్పున 15 టి.ఎం.సి.లు ఇవ్వడానికి ఒప్పుకొన్నవి. నది అదే, పంచుకొనేవారూ వారే. ఇక్కడ మాత్రం సమభాగాలు! దారిలో ఆవిరికి, ఇంకుడుకు 3 పోగా ఊత్తుకోట సరిహద్దుకు చేరవలసినవి 12. ఆ 3 ఎవరి ఖాతాలో వ్రాయాలన్నది మరొక మంచి లెక్క. 2015లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లు తమ 811ని 299, 512గా తాత్కాలికంగా పంచుకొన్నవి. ఆ నిష్పత్తిపై వాదం పిమ్మట చాలా దూరం పోయినది.

“ఇది లెక్కల మాస్టారి పని గదా” అనకండి. మన పిల్లలు లెక్కలను తమిళంలోనో ఇంగ్లీషులోనో చదువుతారు. వాటా, నిష్పత్తి, ఎగువ, దిగువ, ఆయకట్టు – ఈ మాటలు తెలుగు పీరియడులో కాక మరెక్కడ వింటారు? వాదించడం రాని భాషను బిడ్డలు ఇంటి ముచ్చట్లకే మిగిల్చివేస్తారు.

206 చింతపిక్కలు తెండి. తరగతిని మూడు జట్లు చేసి, ఒక్కొక్క జట్టు తన వాటాను, దానికి కారణాన్ని తెలుగులో చెప్పాలనండి. ఒక పీరియడు చాలదు, రెండు కేటాయించుకొనండి.