లెక్కకు రాని నష్టం

2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 14.2 శాతం. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2019 కారాగార గణాంకాలలో శిక్ష పడిన ఖైదీలలో వారి వాటా 16.6 శాతం, విచారణ ఖైదీలలో 18.7 శాతం. ఈ అంకెలను చూపి ఒక మతాన్నే దోషిగా నిలబెట్టేవారున్నారు. ఇవే వివక్షకు తిరుగులేని రుజువని వాదించేవారు మనలోనూ ఉన్నారు. అంకె ఒక్కటే ఈ రెండింటిలో దేనినీ నిరూపించదు. ఏ సెక్షన్ కింద అరెస్టు చేశారు, వకీలు ఎన్నాళ్లకు దొరికాడు, బెయిలు వచ్చినా జామీనుదారులు లేక ఎందరు లోపలే ఉండిపోయారు అని ఆరా తీసినప్పుడే దాని అర్థం తేలుతుంది.

నేరం వేరు, సామాజిక నష్టం వేరు. 2007 మే 18న మక్కా మసీదులో జరిగిన పేలుడు నేరం. అది పోలీసు రికార్డులకెక్కింది. ఆ తరువాత నిర్బంధానికి గురై, చివరకు నిర్దోషులుగా బయటపడిన హైదరాబాదు యువకుల చదువులకు, కొలువులకు కలిగిన నష్టానికి ఏ నేర నివేదికలోనూ గడి లేదు. 2012లో ప్రభుత్వం వారికిచ్చిన పరిహారాన్ని సైతం మరుసటి ఏడాది హైకోర్టు కొట్టివేసింది.

ఈ నష్టాన్ని నమోదు చేసే పనికి మన విద్యార్థులు స్వతంత్రంగా పూనుకోవాలని మేము కోరుతున్నాము. దీనికి భారీ నిధులు అవసరం లేదు. ఒక ఊరు, ఒక ప్రశ్న చాలు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తే 30 రోజులలో జవాబివ్వవలసిన బాధ్యత అధికారులపై ఉన్నది. కోర్టు కేసుల స్థితిగతులు ఆన్‌లైన్‌లోనే లభిస్తున్నాయి.

అయితే కొన్ని హద్దులు తప్పనిసరి. అనుమతి లేనిదే ఎవరి మాటా రాసుకోరాదు. పేర్లు, ఆనవాళ్లు బయటపెట్టరాదు. విచారణలో ఉన్న కేసు వివరాలను నిందితుని నోట రాబట్టరాదు. విద్యార్థి నోటుపుస్తకానికి వకీలు గోప్యత వంటి రక్షణ లేదు. నేరానికి బలైన కుటుంబాల గోడును కూడా అంతే శ్రద్ధగా వినాలి. మన మొహల్లాలలోని కట్నపు వేధింపులను, అధిక వడ్డీల దోపిడీని పక్కన పెట్టి పోలీసులను మాత్రమే ప్రశ్నించే అధ్యయనం సగం అధ్యయనమే.

మనకు రుచించని ఫలితం వచ్చినా దానిని దాచరాదు. అప్పుడే మనకు జరిగిన అన్యాయం గురించి మనం చెప్పే లెక్కను ఇతరులు నమ్ముతారు. అటువంటి అధ్యయనాలకు ఈ పత్రికలో ఎల్లప్పుడూ చోటు ఉంటుంది.